హెలికాప్టరు కింది నేల

కాంపౌండరు గారు పోయారు. మొన్న బుధవారం పొద్దున్నే మా చెల్లెలి మొగుడు కొల్లేటి లంక నుంచి వచ్చి, మా స్టూడియో అరుగు మీద కూలబడి, ఇచ్చిన మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఆ మాట చెప్పాడు. అతని కాళ్ళకి మోకాళ్ళ దాకా బురద ఎండిపోయి ఉంది. "దోనె కదల్లేదు వదినా," అన్నాడు. ఆ ఒక్క మాటే రెండు మూడుసార్లు అన్నాడు.

ఎండాకాలపు కొల్లేరు ఎలా ఉంటుందో చూడని వాళ్ళకి చెప్పాలి. వానలప్పుడు పడవ నడుస్తుంది. మాఘం దాటి నీళ్ళు లాగేశాక పడవా నడవదు, బండీ నడవదు. బండి దించితే ఇరుసు దాకా దిగబడుతుంది. జబ్బు మనిషిని దోనెలో పడుకోబెట్టి, మగాళ్ళు దిగి బురదలో తోసుకుంటూ పోవాలి. సోమవారం సాయంత్రం ఆయన గుండెల్లో పట్టేసినట్టుందన్నారట. మంగళవారం వెలుగు రాగానే బయల్దేరదీశారు. పదిమంది తోశారు. మధ్యాహ్నానికి అల్లంత దూరాన రోడ్డు కనబడిందట. అప్పుడాయన తన మణికట్టు తానే పట్టుకుని, నాడి చూసుకుని, "ఇంక తొయ్యకండయ్యా, అలిసిపోయారు. కాసేపు కూర్చోండి," అన్నారట. మళ్ళీ మాట్లాడలేదు.

నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. వరదలొస్తే ఆకాశంలోంచి హెలికాప్టరు దిగుతుంది. బురదకెందుకు దిగదు? ఎవరినడగాలో తెలియదు. గవర్నమెంటుని తిట్టాను, కొల్లేటిని తిట్టాను, ఆ పదిమందినీ తిట్టాను పాపం. మా ఆయన "ఊరుకోవే, వాళ్ళేం చేస్తారు" అంటే ఆయన్నీ తిట్టాను. ఎందుకంటే ఆ లంకలోకి మొదటిసారి హెలికాప్టరుని దింపింది ఈ కాంపౌండరు గారే. దింపింది నా చెల్లెలి కోసం.

ఏలూరు కాలవ గట్టున మాకో చిన్న ఫోటో స్టూడియో ఉంది. బయట ఫోటో తీసేది మా ఆయన, లోపల చీకటి గదిలో కడిగేది నేను. కాంపౌండరు గారు లంకలో ఉన్న చిన్న డిస్పెన్సరీకి అన్నీ తానే. మిషను ఆస్పత్రిలో పని నేర్చుకున్న మనిషి. సూది వెయ్యబోయే ముందు ఎప్పుడూ కళ్ళు మూసుకుని పెదవులు కదిపేవారు. నెలకోసారి మందులు తీసుకెళ్ళడానికి ఏలూరు వచ్చేవారు. వచ్చినప్పుడల్లా ఖాళీ క్వినైను డబ్బాలో ఫిలిం రోలు పెట్టుకుని మా గుమ్మం ఎక్కేవారు. రోలుకి ఎనిమిది ఫోటోలు. ఎనిమిదీ హెలికాప్టర్లే.

ఈ పిచ్చి ఆయనకి మొదట వరద సేవకి తాడేపల్లిగూడెం పంపినప్పుడు పట్టుకుంది. యుద్ధం రోజుల్లో వేసిన రన్‌వే ఉంది కదా అక్కడ, దాని మీద హెలికాప్టరు దిగడం చూశారట. మూటలు దింపి, జబ్బు వాళ్ళని ఎక్కించుకుని, పరుగు తియ్యకుండానే నిలువునా లేచిపోయిందట. అది చెప్పేటప్పుడు ఆయన గొంతు మారిపోయేది. ఉన్న కాస్త డబ్బూ పెట్టి ఎవరి దగ్గరో పాత బాక్సు కెమెరా కొన్నారు. అప్పట్నుంచీ వరదలప్పుడు గూడెంలో హెలికాప్టరు దిగిందని కబురొస్తే చాలు, సెలవు చీటీ రాసిచ్చి రైలెక్కేసేవారు. కాపలా వాళ్ళు గదిమితే పైలట్‌నే అడిగి పర్మిషను తెచ్చుకున్నారు. ఆ పైలట్ పంజాబీ ఆయన, అతనికి కడుపులో నొప్పొస్తే మన కాంపౌండరు గారిచ్చిన పొడితో తగ్గిందట. ఇద్దరి మధ్యా భాష లేదు. చేతులతోనే మాట్లాడుకునేవారట.

రోలు నా చేతికిచ్చాక మాత్రం ఆయన కూర్చోలేకపోయేవారు. చీకటి గది తలుపవతల అటూ ఇటూ తిరుగుతూ, "వచ్చిందాండీ? ఏవైనా వచ్చిందాండీ?" అని నిమిషానికోసారి అడిగేవారు. "ఏవండీ, పురిటి గది బయట మొగుడిలా తిరుగుతారేమిటండీ! అలా కూర్చోండి," అని లోపల్నుంచి అరిచేదాన్ని. కెమెరా అద్దాన్ని పంచె చెంగుతో తుడిచేవారు, అదొకటి నాకు ఒళ్ళుమంట. "గీతలు పడతాయండీ" అంటే "అలాగేనమ్మా" అనేవారు, నా ఎదురుగానే మళ్ళీ తుడిచేవారు.

నిజం చెప్పాలంటే ఆ ఫోటోలు బాగుండేవి కావు. యంత్రం సగానికి తెగిపోయేది. పైన తిరిగే రెక్కలుండవు, తోక ఉండదు. పొట్టా, చక్రాలూ, మిగతా అంతా నేల. ఎగిరే దుమ్మూ, వంగిపోయిన గడ్డీ, తువ్వాళ్ళు పట్టుకుని పరిగెత్తే జనం. ఒకదాంట్లో ఎవరిదో గొడుగు మనిషెత్తున గాలిలో ఉంది. ఒకదాంట్లో పూరిపాక కప్పు లేచిపోతోంది. ఓసారి నాకు ఓపిక చచ్చి అడిగేశాను.

"ఏవండీ కాంపౌండరు గారూ, అంత దూరం పోయి హెలికాప్టరు మానేసి నేల తీసుకొస్తారేమిటండీ?"

ఆయన నవ్వారు. "యంత్రం ఎగిరిపోద్దమ్మా. నేల మన్ది. దాని కింద మనకేమవుద్దో చూసుకోవద్దాండీ?"

ప్రతి ఫోటో వెనకా పెన్సిలుతో రాసుకునేవారు. గాలి ఎటు నుంచి, ఏది ఎంత దూరం నుంచి లేచింది, పశువులు ఎటు బెదిరాయి. మా ఆయనా నేనూ ఆయన వెళ్ళాక అవి చదువుకుని నవ్వుకునేవాళ్ళం. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది.

మా అమ్మ మా చిన్నప్పుడే పోయింది. చెల్లెల్ని పెంచింది నేనే, ఆ లంకలో ఇచ్చి పెళ్ళి చేసిందీ నేనే. తొలిచూలుకి పుట్టింటికి తెచ్చుకోవాల్సిందీ నేనే. ఆ ఏడు వానలు మొదలయ్యే ముందు కాంపౌండరు గారు స్టూడియోకొచ్చారు. చేతిలో క్వినైను డబ్బా లేదు.

"అమ్మా, మీ చెల్లెలి గారికి కాళ్ళ వాపు కనబడతావుందండి. బిడ్డ కూడా సరిగ్గా తిరగలేదని నా అనుమానం. నీళ్ళు రాకముందే తెచ్చేసుకోండి."

నేను పంచాంగం తీశాను. మూఢం నడుస్తోంది. మూఢంలో కడుపుతో ఉన్న పిల్లని కదిపితే అరిష్టమని మా అమ్మ అనేది. అమ్మ లేని పిల్ల, దానికేమైనా అయితే నలుగురూ నన్నే కదా అంటారు! "ఇంకో పన్నెండు రోజులేనండీ. మూఢం వెళ్ళగానే మంచి రోజు చూసుకుని నేనే వస్తాను," అన్నాను.

"మూఢం సంగతి నాకు తెలీదండి. తమ్మిలేరు సంగతి తెలుసు," అన్నారు. ఆయన అంత గట్టిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. అయినా నేను వినలేదు.

మూఢం వెళ్ళిన మర్నాడే, మంచి రోజు చూసుకునే, పసుపూ కుంకం, కొత్త చీరా పట్టుకుని లంకకెళ్ళాను. నేను దోనె దిగుతుంటే చినుకు మొదలైంది. రాత్రికి ఆగలేదు. రెండో రోజుకి తమ్మిలేరూ బుడమేరూ కలిసి వచ్చి కొల్లేట్లో పడ్డాయి. గట్లు కనబడటం మానేశాయి. ఊరంతా బడి ఉన్న దిబ్బ మీదకి చేరింది. మూడో రోజు పొద్దున చెల్లెలికి నొప్పులు మొదలయ్యాయి. వారం ముందే.

మంత్రసాని చూసి పెదవి విరిచింది. బిడ్డ అడ్డం తిరిగింది. కాంపౌండరు గారు వచ్చి చూసి, బయటికొచ్చి, చేతులు కడుక్కుంటూ నాతో చెప్పారు. "ఇక్కడ అవదమ్మా. ఏలూరు పోవాలి." ఏలూరు ఎలా పోతాం? నీళ్ళ పోటుకి పెద్ద పడవలే తిరగబడుతున్నాయి. నేనే చేశాను కదా ఇదంతా! పన్నెండు రోజులు! ఆయన కాళ్ళ మీద పడబోయాను. ఆయన నా చెయ్యి పట్టుకుని లేపి, అలవాటుగా మణికట్టు మీద వేళ్ళు పెట్టి నాడి చూశారు. "భయపడొద్దని చెప్పనండి. నాకూ భయంగానే ఉంది. భయపడతానే పని చేద్దాం," అన్నారు.

బడి మెట్ల మీద కూర్చుని ఇంగ్లీషులో చీటీ రాశారు. ఈత బాగా వచ్చిన ఇద్దరు దాన్ని మైనం గుడ్డలో చుట్టుకుని తాటి దోనె మీద ఆకివీడులో ఉన్న వరద ఆఫీసరు దగ్గరికి బయల్దేరారు. చీటీలో ఏం రాశారో నాకు చదివి చెప్పారు. ప్రాణాపాయం అని ఒక్క లైను. మిగతా అంతా బడి ముందు ఖాళీ స్థలం ఎన్ని అడుగుల పొడుగు, ఎంత వెడల్పు, తాడిచెట్లు ఏ వైపు, గాలి ఎటు నుంచి అన్నదే. పెళ్ళి సంబంధానికి వివరాలు రాసినట్టు రాశారు. దిగడానికి సరైన చోటుందని తెలియకపోతే పైలట్ రాడట, వచ్చినా దిగడట.

ఆ రోజు రాలేదు. పిల్ల అరవడం మానేసి మూలగడం మొదలుపెట్టింది. అరుపు నయం, ఆ మూలుగు వినలేం. మర్నాడు పొద్దున వాన తెరిపిచ్చింది. ఆయన డిస్పెన్సరీలో ఉన్న సున్నమంతా తెచ్చి, దిబ్బ మీద పెద్ద గుండ్రం గీశారు. పశువుల్ని అవతలికి తోలించారు. తడిసిన గడ్డి ఓ మూల రాజేసి పొగ పెట్టించారు, గాలి ఎటుందో పైనుంచి కనబడాలని. తర్వాత పిల్లకి సూది వెయ్యడానికి లోపలికెళ్ళారు.

ఆయన లోపల ఉన్నప్పుడే మేం బయట ఆ పని చేశాం.

మా చెల్లెలి అత్తగారికి ఆ సున్నపు గుండ్రం నచ్చలేదు. "మన పిల్ల ప్రాణం కాపాట్టానికి పైనుంచి వచ్చే మారాజుని కటిక నేల మీద దింపుతామాండీ? తప్పు కదండీ!" అంది. పెళ్ళికొడుకు వచ్చినా, దేవుడు ఊరేగినా నడపావడలు పరుస్తాం. అడుగు నేల మీద పడకుండా బట్టలు వేసి నడిపిస్తాం. ఆవిడ పెట్టె తెరిచి తన మొగుడి పెళ్ళి పంచెలు తీసింది. అంతే, ప్రతి కుటుంబం నుంచీ ఒకటి వచ్చింది. ఇల్లూ వాకిలీ మునిగినా ఆ తెల్ల పంచెలు మాత్రం తడవకుండా నెత్తిన పెట్టుకుని తెచ్చుకున్నవే. సున్నం మీద వరసగా పరిచాం. చెల్లెలికి తెచ్చిన కొత్త చీర నేనే పరిచాను. హారతి పళ్ళెం కూడా సిద్ధం చేశాం.

మూడేళ్ళపాటు ఆ ఫోటోలు కడిగిన దాన్ని నేను. గాలిలో లేచిన గొడుగుని ఈ చేతుల్తో ఆరబెట్టిన దాన్ని. ఒక్క క్షణం తట్టలేదు చూశారా! ఎంత చదివినా, ఎంత చూసినా, మర్యాద అనేసరికి మన బుర్ర పనిచెయ్యదు.

చప్పుడు మొదట కింద నీళ్ళలోంచి వచ్చినట్టు వినబడింది. తర్వాత తాడిచెట్ల పైన కనబడింది. జనం దండాలు పెట్టారు. నాకు ఏడుపొచ్చింది. అది దిబ్బ మీదకి వచ్చి, కిందికి దిగబోయి, ఆగింది. మొదటి పంచె ఓ అంచు లేచి కొట్టుకుంది. అంతే, హెలికాప్టరు ముక్కు పైకెత్తి గిర్రున లేచి వెళ్ళిపోయింది. తాడిచెట్లు దాటి ఈగంత అయిపోయింది.

కాంపౌండరు గారు బయటికి పరిగెత్తుకొచ్చారు. నేల చూశారు, నన్ను చూశారు. తిడితే బాగుండును. "తియ్యండి! తియ్యండమ్మా, రెక్కల్లో చుట్టుకుంటే అందరూ పోతారు!" అని తానే వంగి పంచెలు లాగడం మొదలుపెట్టారు. అత్తగారు అడ్డం వచ్చి, "బట్టలేకుండా దిగుతాడాండీ?" అంది. "బట్టలుంటే దిగడు తల్లీ!" అని అరిచారు. అందరం పంచెల మీద పడ్డాం. బురదలో జారుతూ, ఒకరినొకరు తోసుకుంటూ, చేతికొచ్చింది లాగి ఓ కుప్ప వేశాం. దిబ్బ అవతలికి మొయ్యడానికి టైము లేదు. వెళ్ళిపోయిందనుకున్న చప్పుడు మళ్ళీ దగ్గరైంది. పైలట్ చుట్టు తిరిగి మళ్ళీ చూద్దామని వస్తున్నాడు. ఇదే ఆఖరు, ఈసారి దిగకపోతే ఇంక రాడని కాంపౌండరు గారు అన్నారు.

"అందరూ కూర్చోండి! తలలు వంచండి!" అని ఆయన ఆ కుప్ప మీద బోర్లా పడుకుని చేతులూ కాళ్ళూ చాపి అదిమి పట్టారు. గాలి మీద పడింది. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి చక్రాలు సున్నం మీద ఉన్నాయి.

రెక్కలు ఆపలేదు, గాలి కాస్త తగ్గిందంతే. చెల్లెల్ని మంచంతో సహా మోసుకొచ్చారు. పైలట్ వేళ్ళతో చూపించాడు, మంచం మీద మనిషి కాక ఇంకొక్కరే. కాంపౌండరు గారు ఎక్కాలి న్యాయంగా. సూది వెయ్యడం తెలిసిన మనిషి. పైగా మూడేళ్ళుగా కింద నిలబడి చూస్తున్నారు కదా, లోపల ఒక్కసారి కూడా కాలు పెట్టలేదు. "మీరెక్కండి, మీరుంటే ధైర్యం," అని ఆయన చెవిలో అరిచాను. ఆయన తల అడ్డంగా తిప్పారు. "ఇక్కడ ఇంకో ఇద్దరు నొప్పుల మనుషులున్నారండి. ఆరుగురికి విరోచనాలు. మీరెక్కండి. చెయ్యి మాత్రం వదలకండి ఆ పిల్లది," అన్నారు. నన్ను జబ్బ పట్టుకుని వంచి, ఆ కుప్ప కేసి ఓసారి చూసి, లోపలికి నెట్టేశారు.

ఏలూరులో దింపారు. ఆస్పత్రిలో కోసి తీశారు. ఆడపిల్ల. తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కారు. 

నీళ్ళు తీశాక రెండు నెలలకి కాంపౌండరు గారు వచ్చారు. చంటిదాని మణికట్టు రెండు వేళ్ళతో పట్టుకుని, "బాగుందండి, బాగుందండి," అన్నారు. అందులో కొలవడానికేముందో! కాఫీ తాగారు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, పెళ్ళిచూపుల్లో పిల్లాడిలా సిగ్గుపడుతూ అడిగారు.

"అమ్మా... పైనుంచి మన లంక ఎలా కనబడిందండీ?"

"కళ్ళు మూసుకున్నానండీ, భయమేసి," అన్నాను.

"అయ్యో," అన్నారు. "పోన్లెండమ్మా. నేనైనా మూసుకునేవాణ్ణేమో." తర్వాత వచ్చినప్పుడు మళ్ళీ అడిగారు. "దిగేటప్పుడైనా కాస్త చూళ్ళేదాండీ?" చూళ్ళేదన్నాను. మరోసారి కూడా అడిగారు. నేను అదే అబద్ధం ఆడాను.

ఎందుకో చెబుతాను. మేం లేచాక నేను కిందికి చూస్తే ఆయన ఆ పంచెల కుప్ప మీద మళ్ళీ బోర్లా పడి ఉన్నారు, కదలటం లేదు. అంత ఎత్తు నుంచి నాకు శవంలా కనబడ్డారు. రెక్క తగిలిందేమో, మా తెలివితక్కువతనానికి పోయారేమో అనుకున్నాను. ఆయన బతికే ఉన్నారని లంక నుంచి కబురు వచ్చేదాకా మూడు రోజులు నేను అన్నం తినలేదు. బతికున్న మనిషి మొహం మీద "మీరు శవంలా కనబడ్డారండీ" అని ఎలా అంటాం? పైన తథాస్తు దేవతలుంటారని పెరిగాం కదా. చెబితే అదే జరుగుతుందని భయం. మూఢానికి భయపడి చెల్లెల్ని నీళ్ళలో పెట్టాను. మాటకి భయపడి ఆ మహానుభావుడు ముచ్చటపడి అడిగిన ఒక్కటీ ఇవ్వలేదు. దేవతలు నా మాట కోసం ఆగలేదు. చెప్పకపోయినా పోయారు.

నన్ను క్షమించండి కాంపౌండరు గారూ. నేను కళ్ళు మూసుకోలేదండి. అంతా చూశాను.

చుట్టూ గోధుమ రంగు నీళ్ళండి, అంచు లేదు. తాడిచెట్లు తలల వరకే ఉన్నాయి. వాటి నీడలు నీళ్ళ మీద లేవు, మబ్బు కదా. మన లంక అరచేతిలో పట్టేంత. మీరు పెట్టించిన పొగ సన్నగా ఏలూరు వైపే వంగి ఉంది. బడి కప్పు మీద రెండు మేకలు. జనం అందరూ మీరు చెప్పినట్టే తలలు వంచి గొంతుక్కూర్చున్నారు. మా చెల్లెలి అత్తగారు మాత్రం హారతి పళ్ళేన్ని ఒళ్ళో పెట్టి కొంగు కప్పుకుంది. మధ్యలో సున్నపు గుండ్రం, సగం చెరిగిపోయి. దాని పక్కన తెల్లటి కుప్ప. దాని మీద మీరు బోర్లా, చేతులూ కాళ్ళూ చాపి, చెంప ఆనించి. మీ చొక్కా వీపు గాలికి ఉబ్బిందండి, మీ జుట్టు లేచిందండి. ఒక్క పంచె ఎగరలేదు.